హెడ్‌ఫోను తలపట్టీ: మరమ్మతు, సవరణ

కొన్ని మాసముల క్రిందట మా తరగతి విద్యార్థి ఒకడు రెండు ముక్కలైన హెడ్‌ఫోనును వార్తాపత్రికలో చుట్టి ప్రయోగశాలకు తెచ్చెను. అతని అన్నగారు మొదటి జీతముతో కొని ఇచ్చినదట. పరీక్షించి చూడగా చెవులపై నుండు రెండు దొప్పలును చక్కగా పలుకుచున్నవి, తీగయు తెగలేదు. విరిగినది తలమీదుగా పోవు పట్టీ మాత్రమే. "ఇది బాగుపడదు, క్రొత్తది కొనుక్కోవలసినదే" అని అంగడిలో చెప్పినారట.

నేను ఆ పట్టీకి పైవైపున ఒక సన్నని రేకు నుంచి, గట్టి జిగురుతో అతికి ఇచ్చితిని. చూచుటకు అతుకు దిట్టముగానే ఉండెను. తొమ్మిదవ నాడు అది మరల అక్కడనే విరిగినది. "జిగురు మంచిది కాదేమోనండి, సార్" అని కుర్రవాడు మర్యాదగా అనెను. తప్పు జిగురుది కాదు, నాది. వంగిన బద్దలో ఏ ముఖము సాగునో, ఏ ముఖము కుదించుకొనునో ఏటేటా నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పు నేనే, చేతితో పని చేయునపుడు ఆ బొమ్మను మరచితిని.

తలపట్టీ విరిగినందుకే ఎన్నో మంచి హెడ్‌ఫోనులు చెత్తబుట్ట చేరుచున్నవి. వీనిని బాగుచేయుటకు కావలసిన శాస్త్రము పదార్థముల స్థితిస్థాపకతను గూర్చి పాఠశాలలో చెప్పుకొను నాలుగు మాటలే. ఆ మాటలు ఇక్కడ ఎట్లు ఉపయోగించునో ఈ వ్యాసములో తెలిసికొందము.

తలపట్టీ చేయు పనులు

ముందుగా భాగముల పేర్లు చెప్పుకొందము. ధ్వనిని పుట్టించు డ్రైవరు ఒక దొప్పలో ఉండును. దొప్ప అంచున చెవిచుట్టు ఆనుకొను మెత్త ఉండును. దొప్పను ఇరువైపుల పట్టుకొని, అది కొంచెము అటునిటు తిరుగునట్లు చేయు చట్రము చెట్టుకొమ్మ పంగవలె ఉండును. దీనిని పంగ అందము. పంగనుండి పైకి పోవు జారుడు కడ్డీ పట్టీ పొడవును తలకు తగినట్లు సరిచేయును. పైన విల్లువలె వంగి యుండునది తలపట్టీ.

ఈ పట్టీ మూడు పనులు చేయును. దొప్పలను చెవులకు ఎదురుగా నిలుపును. హెడ్‌ఫోను బరువులో అధికభాగమును నడినెత్తికి అందించును. మెత్తలను తగినంత బలముతో ప్రక్కలనుండి నొక్కి యుంచును. ఈ మూడవదానిని బిగువు అందము. మొదటి రెండు పనులు ఎవరికైనను తోచును. మూడవది ధ్వనికి సంబంధించినదని చాలమందికి తెలియదు.

సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి, కొంచెము సందు వదలి, పిడిని మెల్లగా నొక్కి చూడుడు. గాలి సందుగుండా తప్పించుకొనును. వ్రేలికి ఒత్తిడి తెలియదు. అదే పిడిని చురుకుగా నొక్కినచో గాలి తప్పించుకొనుటకు వ్యవధి చాలదు, ఒత్తిడి పెరుగును. హెడ్‌ఫోనులో డ్రైవరు పొర పిడివంటిది, మెత్తకును చెవికిని నడుమ నున్న గాలి పంపులోని గాలి వంటిది. సెకనుకు 50 పర్యాయములు కదలు మంద్రధ్వనికి పొర మెల్లగా కదలును. 5000 పర్యాయములు కదలు తారధ్వనికి చురుకుగా కదలును. మెత్తకును చెంపకును నడుమ సందున్నచో నష్టపోవునవి మంద్రధ్వనులే. మృదంగము తొప్పివైపు నాదము పలచబడి, తాళముల మ్రోత మాత్రము మిగులును. పాట వినుచు రెండు దొప్పలను అరచేతులతో కొంచెము నొక్కి చూడుడు. మంద్రము ఒక్కసారిగా నిండుకొన్నచో మీ తలపట్టీ బిగువు తక్కువైనదనుట స్పష్టము. కళ్లజోడు పెట్టుకొన్నవారికి దాని కాడవద్ద ఏర్పడు సందువలనను ఇట్టి నష్టమే కలుగును.

ఇందులో ఆరోగ్యవిషయము కూడ కలదు. మంద్రము తగ్గినచో వినువాడు ధ్వనిని పెంచును. పెరుగునది మంద్రము మాత్రమే కాదు, అన్నియును. వారమునకు 40 గంటలు విను పెద్దవారికి ధ్వని సగటున 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు వినదగిన కాలము సగమగును. వదులైన పట్టీ చెవికి కూడ చేటు తేగలదు.

బిగువు మరీ ఎక్కువైనచో చెంపలు నొచ్చును, తల పోటు పుట్టును. కావున దానికొక మధ్యమార్గము ఉండవలెను. ఉదాహరణకు సెన్‌హైజర్ కంపెనీవారి హెచ్‌డీ 600 అను హెడ్‌ఫోనుకు బిగువు సుమారు 2.5 న్యూటనులని తయారుచేసినవారు ప్రకటించిరి. ఇది దాదాపు 255 గ్రాముల వస్తువు బరువు.

నాలుగు రకముల పట్టీలు

అమెరికాలోని ఊటా రాష్ట్రమున నథానియల్ బాల్డ్విన్ 1910 ప్రాంతమున తన యింటి వంటగదిలో హెడ్‌ఫోనులు తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు అమ్మెను. ఆయన పట్టీ తోలు తొడిగిన రెండు తీగకడ్డీలు. 1958లో జాన్ కోస్ స్టీరియో హెడ్‌ఫోనును వెలువరించిన తరువాత, ఇంటిలో కూర్చుండి గంటలకొలది సంగీతము వినుట అలవాటైనది. అప్పటినుండి తలపట్టీ సుఖము ఒక ముఖ్యవిషయమైనది.

నేడు మంచి హెడ్‌ఫోనులలో నాలుగు రకముల నిర్మాణములు కనబడును. బయర్‌డైనమిక్ డీటీ 770 వంటివానిలో పట్టీకి ప్రాణము ఒక ఉక్కు బద్ద. హెచ్‌డీ 600లో ప్లాస్టిక్ పట్టీ. అందులోనికి జారు లోహపు కడ్డీలు. ఏకేజీ కే 240లో పైన రెండు సన్నని విల్లులు, వాని క్రింద సాగుడు పట్టీలకు వ్రేలాడు తోలు. అమెరికాలోని గ్రాడో హెడ్‌ఫోనులలో పలుచని పట్టీ కొనలయందు చిన్న ప్లాస్టిక్ దిమ్మెలు. ఆ దిమ్మెల రంధ్రములలో ఘర్షణ బలముననే నిలుచు కడ్డీలు. ఏ రకమునకు ఏ జబ్బు వచ్చునో నిర్మాణమును బట్టియే చెప్పవచ్చును.

మందములోని మర్మము

స్ప్రింగు ఎంత సాగునో అంత బలముతో వెనుకకు లాగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. తలపట్టీయు స్ప్రింగే. దొప్పల నడుమ దూరమును పెంచిన కొలది బిగువు అదే నిష్పత్తిలో పెరుగును. ఐతే ఇది ఒక హద్దువరకే. ఆ హద్దు దాటినచో బద్ద యథాస్థితికి రాదు. దానినే స్థితిస్థాపక అవధి అందురు.

వంగు బద్ద గట్టితనము దాని వెడల్పుతో సమముగా పెరుగును. మందముతో మాత్రము ఘనముగా పెరుగును. మందము రెట్టింపైనచో గట్టితనము ఎనిమిది రెట్లగును. ఆకురాయితో మందములో పదవవంతు తగ్గించినచో గట్టితనము 27 శాతము తగ్గును. "కొంచెమే గీకినాను" అని అనుకొనువారు ఇది గమనింపవలెను.

ఉక్కుకు యంగ్ గుణకము సుమారు 200 గిగాపాస్కల్స్. ఏబీఎస్ అను సామాన్య ప్లాస్టిక్‌కు సుమారు 2. అనగా నూరవ వంతు. 0.6 మిల్లీమీటర్ల ఉక్కు బద్దకు సమానమైన బిగువు అదే వెడల్పు గల ప్లాస్టిక్ బద్దనుండి రావలెనన్నచో మందము ఎంత ఉండవలెను? నూరుకు ఘనమూలము 4.64. కావున 0.6ను 4.64తో గుణించిన వచ్చు 2.8 మిల్లీమీటర్లు ఉండవలెను. ప్లాస్టిక్ పట్టీలు ఉక్కు బద్దలకంటె అంత మందముగా ఉండుటకు కారణమిదే.

ఈ మందమే ప్లాస్టిక్‌కు ముప్పు. బద్ద వంగినపుడు దాని నడిపొర పొడవు మారదు. నడిపొరకు ఎంత దూరమున్నచో ఆ పొర అంత ఎక్కువగా సాగును, లేక కుదించుకొనును. 65 మిల్లీమీటర్ల వ్యాసార్ధముతో వంగియున్న బద్దను పూర్తిగా చదును చేసితిమనుకొందము. ఉపరితలము యొక్క వికృతి సగము మందమును వ్యాసార్ధముచే భాగింపగా వచ్చును. 0.6 మిల్లీమీటర్ల ఉక్కుకు ఇది 0.46 శాతము, 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌కు 2.3 శాతము. పదునుపెట్టిన స్ప్రింగు ఉక్కు ఆ వికృతిని తట్టుకొని తిరిగి వచ్చును. ఏబీఎస్‌కు దాదాపు 2 శాతమే హద్దు. అది తెల్లబడి చీలును. స్నేహితునికి బలము చూపుటకు పట్టీని అటునిటు లాగి చదును చేయు వేడుక ఎందుకు పనికిరాదో ఈ లెక్క చెప్పుచున్నది.

ఎక్కడ విరుగును? ఎందుకు?

ఇప్పుడు నేను మరచిన బొమ్మ వద్దకు వత్తము. వంగియున్న వెదురు బద్దను చదును చేయబోయినచో ఏ ముఖము సాగును? లోపలి ముఖము, అనగా పల్లముగా నున్న ముఖము. వెలుపలి ముఖము కుదించుకొనును. హెడ్‌ఫోనును తలకు పెట్టుకొనునపుడు మనము చేయునది ఇదే. వంగిన పట్టీని కొంచెము విప్పుచున్నాము. కావున లాగుడు బలము పడునది తలవైపు ముఖముపైన. పగులు పుట్టునది అక్కడనే. మెత్తగుడ్డ చాటున నుండుటచే అది పెద్దదగువరకు కంటబడదు. నేను రేకును వెలుపలి ముఖముపై, అనగా నొక్కుడు బలమున్న చోట అతికితిని. లోపల నోరు తెరచుకొను పగులును పట్టుకొనువారే లేకపోయిరి!

పగులు పట్టీ పొడవునను ఎక్కడనో పుట్టదు. స్క్రూ రంధ్రమువద్ద, జారుడు కడ్డీకై వదలిన గాడి మూలవద్ద, మందము హఠాత్తుగా మారు చోట పుట్టును. వెడల్పైన పలకలో గుండ్రని చిన్న రంధ్రమున్నచో, దాని అంచున ప్రతిబలము మిగిలినచోటికంటె మూడు రెట్లుండునని జర్మను ఇంజనీరు కిర్ష్ 1898లో లెక్కగట్టెను. మూల పదునైనకొలది ఇది ఇంకను పెరుగును. 1954లో రెండు కామెట్ జెట్ విమానములు మధ్యధరా సముద్రముపై గాలిలోనే బ్రద్దలైనవి. విమానపు గోడలలోని రంధ్రముల మూలలవద్ద ప్రతిబలము కూడుకొని, మాటిమాటికి కలిగిన ఒత్తిడి మార్పులచే లోహము అలసి చీలినదని పరిశోధనలో తేలినది. తలపట్టీ రోజుకు పదిసార్లు తెరచి మూయుటలో జరుగునదియు ఆ జాతి అలసటయే. ప్రమాదము చిన్నది, సూత్రము ఒకటే.

ప్లాస్టిక్‌కు మరియొక గుణము కలదు. స్థిరమైన బలము క్రింద చాలకాలముంచినచో అది మెల్లమెల్లగా సాగిపోవును. వేసవిలో మూసిన కారులో నుంచినచో మరింత త్వరగా సాగును. లావుపాటి పెట్టెకు తొడిగి వదలిన హెడ్‌ఫోను కొన్నాళ్లకు వదులగుటకు కారణమిదే. ఇది దోషమే ఐనను, తగినట్లు వాడుకొన్నచో సాధనము కూడ కాగలదని ముందు చూతము.

అతుకు వేయు పద్ధతి

మొదట పదార్థమును గుర్తింపవలెను. మెత్తను విప్పి చూచినచో ప్లాస్టిక్ లోపలివైపు ఏబీఎస్, పీసీ, పీపీ, పీఏ వంటి అక్షరములు చాలసార్లు అచ్చుపడి యుండును. ఏబీఎస్ అసిటోనులో కరగును. కావున అదే ప్లాస్టిక్ పొట్టును కొంచెము అసిటోనులో నానబెట్టి ముద్దచేసి, పగులులో నింపి, ఒక రోజు ఆరనిచ్చినచో రెండు ముక్కలు ఒకటిగా కలియును. ఈ పనిని గాలివచ్చు చోట, మంటకు దూరముగా చేయవలెను. పాలీకార్బొనేటుపై అసిటోను తగిలినచో ఒళ్లంతయు సన్నని పగుళ్లు విచ్చును. అచ్చట దానిని వాడరాదు. పాలీప్రొపిలీను, నైలాను వంటివానిని జిగురు సరిగా పట్టదు. వానికి కట్టే గతి.

క్షణములో అంటుకొను సయనోఅక్రిలేటు జిగురును అందరును మొదట తలంతురు. అది ముక్కలను సరిగా కూర్చి నిలుపుటకు మంచిది. కాని గట్టిపడిన తరువాత పెళుసు. వంగు చోట ఎక్కువకాలము నిలువదు. భారము మోయుటకు రెండు గొట్టములలో వచ్చు ఎపాక్సీ జిగురును, దానితోపాటు ఒక బద్దను వాడవలెను.

ఎముక విరిగినవానికి పుత్తూరులో కట్టు కట్టునపుడు విరిగినచోట మాత్రమే గుడ్డ చుట్టి ఊరుకొనరు. ఇరువైపుల చాలదూరము బద్దలు వేయుదురు. ఇక్కడను అంతే. సైకిలు స్పోకు ముక్క, పాడైన గొడుగు కడ్డీ, స్ప్రింగు ఉక్కుతో చేసిన కొలత టేపు ముక్క, వీనిలో ఏదైనను పనికివచ్చును. చేయవలసిన క్రమమిది.

1. పగులు చివర ఒక మిల్లీమీటరు రంధ్రమును చేతి డ్రిల్లుతో వేయవలెను. సూదిమొనవంటి పగులు చివర గుండ్రనగుటచే అక్కడి ప్రతిబలము తగ్గి, పగులు ముందుకు ప్రాకదు. పట్టీ పూర్తిగా రెండైనచో దీని అవసరము లేదు.

2. రెండు ముఖములను గరుకు కాగితముతో రుద్ది, చెమట జిడ్డు పోవునట్లు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువవలెను. జిడ్డుమీద వేసిన అతుకు నీటిమీది వ్రాతయే.

3. బద్దను పట్టీ వంపునకు సరిపోవునట్లు ముందే వంచుకొనవలెను. అది పగులుకు ఇరువైపుల కనీసము 25 మిల్లీమీటర్లు సాగవలెను.

4. బద్దను తలవైపు ముఖమున ఉంచి ఎపాక్సీతో అతికి, పైనుండి గట్టి నూలుదారమును ప్రక్కప్రక్కన చుట్టి, ఆ దారమునకు కూడ ఎపాక్సీ పట్టింపవలెను. ఒక రోజు కదల్చరాదు.

5. బద్ద కొనలను ఆకురాయితో పలుచన చేయవలెను. కొన మొద్దుగా నున్నచో గట్టి భాగము హఠాత్తుగా ముగిసి, క్రొత్త పగులు సరిగా అక్కడ పుట్టును.

తరువాత మెత్తగుడ్డను యథాస్థానమున కుట్టినచో అతుకు కనబడను కనబడదు. లోహపు కొన ఏదియు తలకు గ్రుచ్చుకొనకుండ చూచుకొనవలెను.

బిగువును సవరించుట

విరగని పట్టీయు కొందరి తలకు సరిపడదు. అట్టివారు మొదట జారుడు కడ్డీలను సరిచేసికొని, మెత్త చెవిచుట్టు అన్ని ప్రక్కల సమముగా ఆనునట్లు చూడవలెను. చాల నొప్పులు అంతటితోనే పోవును.

ప్లాస్టిక్ పట్టీని వదులు చేయుటకు దాని సాగుడు గుణమును వాడుకొనవచ్చును. తల వెడల్పుకంటె రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పైన పుస్తకముల దొంతరకు తొడిగి రాత్రి యంతయు ఉంచి, ఉదయమున పెట్టుకొని చూడవలెను. చాలనిచో మరుసటి రాత్రి మరల ఉంచవలెను. తొందరపడి ఒక్కసారే అతిగా సాగదీయుటయు, వేడిగాలి కొట్టుటయు వలదు.

ఉక్కు బద్ద ఇట్లు లొంగదు. దానిని స్థితిస్థాపక అవధి దాటునంతవరకు వంచిననే క్రొత్త ఆకారము నిలుచును. రెండు బొటనవ్రేళ్లతో బద్ద పొడవునను కొంచెము కొంచెముగా వంచుచు పోవలెను. పట్టకారుతో ఒక్కచోట వంచినచో అక్కడ మడత పడి, వంపు అంతయు ఆ మడతలోనే కేంద్రీకరించును. ఎర్రగా కాల్చి వంచుట అసలే తగదు. ఉక్కు పదును పోవును. హెచ్‌డీ 600 వంటివానిలో ప్లాస్టిక్ పట్టీ జోలికి పోక, జారుడు కడ్డీని పూర్తిగా వెలుపలికి లాగి, ఆ లోహభాగమును మాత్రమే మెల్లగా వంచుట క్షేమము.

ఐతే బిగువు తగ్గించుటకు మూల్యము చెల్లింపవలసియుండును. మెత్తలు చెంపలను పట్టుకొను ఘర్షణ హెడ్‌ఫోను బరువులో కొంత మోయుచుండును. 260 గ్రాముల హెడ్‌ఫోను బరువు 2.55 న్యూటనులు. ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, 2.5 న్యూటనుల బిగువు వలన ఇరువైపుల కలిసి 1.5 న్యూటనుల వరకు ఘర్షణ మోయగలదు. నడినెత్తిపై మిగులునది 1.05 న్యూటనులే. బిగువును 1.5 న్యూటనులకు తగ్గించినచో ఘర్షణ 0.9కి పడిపోవును; నెత్తిమీది భారము 1.65 న్యూటనులగును. చెంపనొప్పి పోయి నెత్తినొప్పి వచ్చెనని కొందరు చెప్పుకొనుటలో వింత లేదు.

బరువును పంచుట

నొప్పిని కలిగించునది బలముకంటె పీడనము, అనగా చదరపు సెంటీమీటరుపై పడు బలము. పైన చెప్పిన 1.65 న్యూటనులు 10 చదరపు సెంటీమీటర్ల మేర ఆనినచో పీడనము 1650 పాస్కల్స్. అదే బలము 40 చదరపు సెంటీమీటర్లపై పరచుకొన్నచో 410 పాస్కల్స్ మాత్రమే. గట్టి పట్టీ, దాని క్రింది మెత్త ఎంత మందమైనను, నెత్తిమీద ఒక చిన్న చోటనే ఎక్కువగా ఆనును. వ్రేలాడు తోలుపట్టీ ఐనచో తల వంపును అనుసరించి అంతటను ఆనును. నులకమంచముపై పడుకొన్నవానికి బల్లపై పడుకొన్నవానికంటె సుఖమెక్కువగుట ఇందువలననే.

ఈ సవరణ ఇంటిలోనే చేసికొనవచ్చును. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గల మెత్తని తోలును చెప్పులు కుట్టువారిచేత కోయించి, రెండు కొనలను పట్టీ మొదళ్లకు కట్టి, పైవిల్లుకు సుమారు రెండు సెంటీమీటర్ల క్రింద వ్రేలాడునట్లు అమర్చవలెను. పట్టీకి క్రొత్త రంధ్రములు మాత్రము పొడువరాదు; కిర్ష్ చెప్పిన మూడు రెట్లను మరువరాదు. కొక్కెములతోనో, చుట్టి కుట్టుటచేతనో బిగింపవలెను. తోలు ఎత్తుకు తగినట్లు జారుడు కడ్డీలను మరల సరిచేయవలెను. లేనిచో దొప్పలు చెవుల మీదికి ఎగబ్రాకును.

చిన్న జబ్బులు

దిమ్మె రంధ్రము అరిగి కడ్డీ జారిపోవుచున్నచో, వేడిచేసిన ముడుచుకొను సన్నని ప్లాస్టిక్ గొట్టము ముక్కను కడ్డీకి తొడిగినచో ఘర్షణ తిరిగి వచ్చును. దిమ్మె క్రింద కడ్డీకి ఒక చిన్న రబ్బరు ఉంగరమును తొడిగినను అది అడ్డుగా నిలుచును.

ప్లాస్టిక్‌లోనికి దిగు స్క్రూను తిరిగి బిగించునపుడు మొదట దానిని వెనుకకు త్రిప్పవలెను. పాత మర చిక్కగానే "టిక్కు" మని దిగును. అప్పుడు ముందుకు త్రిప్పి, ఆనిన వెంటనే ఆపవలెను. నేరుగా బిగించినచో క్రొత్త మర కోసికొని రంధ్రము వదులగును; అతిగా బిగించినచో రంధ్రము చుట్టును పగులును.

ఒక దొప్పనుండి రెండవ దొప్పకు పట్టీగుండా తీగ పోవు హెడ్‌ఫోనులలో, పట్టీని విప్పకముందే ఆ దారిని బొమ్మ గీసికొనవలెను. పంగ తిరుగు చోట తీగను కొంచెము వదులుగా, ఉంగరమువలె వదలనిచో అది లాగుడుపడి తెగును. లోపలి సన్ననితీగకు రంగుపూత యుండును. దానిని గీకిన తరువాతనే టంకము పట్టును.

తీగలేని హెడ్‌ఫోనుల దొప్పలలో లిథియం బ్యాటరీ యుండును. దానిదగ్గర డ్రిల్లు, వేడి, లోహపు మొన ఏదియు పోనీయరాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఒక గంటలో ఈ ప్రయోగమును చేయింపవచ్చును. కావలసినవి హెడ్‌ఫోను, స్టాండు, 50 గ్రాముల తూనికరాళ్లు, స్కేలు. హెడ్‌ఫోనును ఒక దొప్ప పైన, రెండవది సరిగా దాని క్రింద ఉండునట్లు పై దొప్ప పంగకు గుడ్డపట్టీ కట్టి వ్రేలాడదీయవలెను. క్రింది దొప్ప పంగకు రాళ్లను ఒక్కొక్కటిగా తగిలించుచు, రెండు మెత్తల నడుమ దూరమును ప్రతిసారి కొలువవలెను. హెడ్‌ఫోను బరువులో సుమారు సగము కూడ పట్టీని విప్పుచుండును. దానిని రాళ్ల బరువునకు కలుపవలెను.

దూరమునకును బలమునకును గ్రాఫు గీసినచో సరళరేఖ వచ్చును. మెత్తల నడుమ దూరము 14.5 సెంటీమీటర్లు, అనగా ఒక సామాన్యమైన తల వెడల్పు, ఐనపుడు గల బలమే బిగువు. 260 గ్రాముల హెడ్‌ఫోనుకు సగము బరువు 130 గ్రాములు. ఇంకను 125 గ్రాములు తగిలించినపుడు ఈ దూరము వచ్చినచో బిగువు 2.5 న్యూటనులన్నమాట. రాళ్లను తీసివేయుచు మరల కొలిచినచో ఉక్కు బద్ద దాదాపు అదే రేఖపై వెనుకకు వచ్చును. ప్లాస్టిక్ పట్టీ కొంచెము వెనుకబడును. హుక్ నియమమును, దాని హద్దును విద్యార్థులు ఒకే గ్రాఫులో చూడగలరు. మరమ్మతుకు ముందును, తరువాతను ఇట్లు కొలిచినచో పని ఎట్లున్నదో అంకెలే చెప్పును.

ముగింపు

విడిభాగములు దొరకు హెడ్‌ఫోనుకు పాత పట్టీని తీసి క్రొత్తది వేయుటయే ఉత్తమము. హెచ్‌డీ 600 వంటివానిలో పట్టీ, మెత్తలు, తీగ వేరువేరుగా ఊడదీసి మార్చుకొనవచ్చును. 1997లో వెలువడిన ఆ నమూనా నేటికిని వాడుకలో నుండుటకు ఇదియు ఒక కారణము. వస్తువులను మరమ్మతు చేసికొను హక్కును గూర్చి భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో ఒక సంఘమును నియమించినది. హక్కు మంచిదే. దానిని వాడుకొనుటకు చేతనైన చేతులును కావలెను. ఆ చేతులు తయారుకాదగిన చోటు పాఠశాల.

మా విద్యార్థి హెడ్‌ఫోనును రెండవమారు అతనిచేతనే అతికించితిని. గొడుగు కడ్డీ ముక్కను అతడే కోసి, వంపు సరిచేసి, తలవైపు ముఖమున ఉంచి దారము చుట్టెను. కొనలు పలుచన చేయుమని నేను చెప్పకముందే ఆకురాయి అందుకొనెను. తరువాత రాళ్లు తగిలించి కొలువగా బిగువు 2.7 న్యూటనులు వచ్చినది. ఏడు మాసములైనది; ఆ అతుకు ఇంకను నిలిచియున్నది. ఈ మారు నల్లబల్లమీద వంగిన బద్ద బొమ్మను గీయుటకు నేను అతనినే పిలిచితిని. లాగుడు ఎటువైపు, నొక్కుడు ఎటువైపు అని తరగతిని అడిగినవాడును అతడే.